ఫొటోకు సరిపోయే చెయ్యి

అల్మాస్‌గూడ,
ఫిబ్రవరి 3, 2025

అత్తమ్మా,

ఇది నా ఎడమ చేతి రాత. చదవడం కష్టమైతే చెప్పు, ఇంకా పెద్దగా రాస్తాను.

ఫిజియోథెరపీ మేడమ్ రోజూ ఒక పేజీ రాయమంది. ఏం రాయాలో తోచక మొదట పాల ప్యాకెట్ మీద ఉన్నదంతా ఎక్కించాను. తర్వాత కరెంటు బిల్లు. అమ్మ చూసి, "గివి రాసుడేందే? ఎవరికన్న ఉత్తరం రాయరాదు" అంది. నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే కాబట్టి నీకు రాస్తున్నాను. ఫోన్ చేస్తే నాన్న స్పీకర్ పెడతాడు. అందరూ ఒకేసారి మాట్లాడతారు, నేను ఊఁ అంటాను. మాట్లాడినట్టు ఉండదు.

నువ్వు దవాఖానకు వచ్చినప్పుడు నేను మత్తులో ఉన్నానట. అందుకని నేనే చెప్తున్నాను. నవంబర్‌లో ఎల్బీ నగర్ దగ్గర నా స్కూటీ లారీ కింద పడ్డప్పుడు కుడి చెయ్యి మణికట్టు పైదాకా పోయింది. మిగతాదంతా బాగుంది. కుట్లు మానాయి. నొప్పి లేదు. ఏడుపు కూడా రావడం లేదు. చూడటానికి వచ్చినవాళ్ళు ఏడుస్తుంటే నేను వాళ్ళకు నీళ్ళు తెప్పిస్తున్నాను. నా సంగతి వాళ్ళు చెప్తుంటే పక్కింటి పిల్ల సంగతి విన్నట్టుంటుంది.

ఎడమ చేత్తో అన్నం తింటున్నాను. అమ్మ ఏమీ అనదు గానీ నేను కలుపుకునేటప్పుడు అటు తిరుగుతుంది.

కొత్తపేటలో నేను పనిచేసే ఫ్లెక్సీ షాపు పట్టాభి గారు నా కుర్చీ అలాగే ఉంచారట. వచ్చే నెల నుంచి సగం రోజు వెళ్తాను. మౌసును ఎడమవైపుకు మార్చమని చెప్పాను.

చెయ్యి అలిసింది. ఇక ఆపుతాను.

ప్రవీణ


కోరుట్ల,
ఫిబ్రవరి 11, 2025

బంగారు మేనకోడలికి అత్త దీవెనలు.

కవరు విప్పగానే మా కోడి సిరాలో కాలు ముంచి కాగితం మీద షికారు చేసిందనుకున్నాను. తర్వాత కళ్ళజోడు పెట్టుకుంటే అంతా అర్థమైంది. అర్థమైతే చాలు, రాతకు అంతకన్నా పనేముంది? అంగన్‌వాడీలో ఇంతమంది పిల్లలకు అ ఆలు దిద్దించిన దాన్ని. ముత్యాల్లాంటి రాతతో ముక్క అర్థం కాకుండా రాసేవాళ్ళను కూడా చూశాను.

ఎడమ చేత్తో తింటే అన్నమేమీ అలగదు. మీ అమ్మకు చెప్పు, అటు తిరగడం కాదు, ఇంకో గరిటె వడ్డించమను.

నొప్పి లేదని రాశావు. ఆ ఒక్క మాటకు దేవుడి ముందు దీపం పెట్టాను. మీ మామయ్య తుంటి విరిగి మంచం ఎక్కిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో నొప్పి అన్న మాట తప్ప వేరే మాట లేదు. నేను గడప దాటితే కూడా పిలుస్తాడు. లేకపోతే ఈపాటికి వచ్చి నీ పక్కనే ఉండేదాన్ని.

మీ నాన్న చెప్పాడు, చేతులు చేసి పెట్టే సెంటర్ ఏదో అక్కడే ఉందట కదా. ఆలస్యం చెయ్యకండి. చెయ్యి చెయ్యిలాగే ఉండాలి, చూసినవాళ్ళ కళ్ళు అక్కడ ఆగకూడదు. నీకు ఇరవై ఆరు నిండుతున్నాయి. నేను అనడం లేదు, క్యాలెండర్ అంటోంది.

ప్రేమతో, నీ గయ్యాళి అత్త,
అండాలమ్మ


అల్మాస్‌గూడ,
మార్చి 2, 2025

అత్తమ్మా,

సెంటర్‌కు వెళ్ళొచ్చాం. ఎల్బీ నగర్‌లో టైర్ల దుకాణం పైన ఉంది. చేతులు చేసే అబ్బాయి పేరు కార్తీక్, విజయవాడ వైపు వాళ్ళట. టేబుల్ మీద రెండు చేతులు పెట్టాడు.

మొదటిది మెత్తటి రబ్బరుతో చేసింది. "ఇది చూడ్డానికండి. గోళ్ళు, గీతలు, మచ్చ ఉంటే మచ్చతో సహా మీ చెయ్యిలాగే చేస్తాం. పనేమీ చెయ్యదు, పక్కన ఉంటుందంతే" అన్నాడు. రెండోది ఇనుప కొక్కెం. రెండు కొనలు, వాటికో తీగ, ఆ తీగ వీపు మీదుగా అవతలి భుజానికి పట్టీతో కట్టి ఉంటుంది. భుజం ముందుకు కదిపితే కొక్కెం తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది.

అమ్మ దాన్ని చూసి మొహం తిప్పుకుంది. "గిదేంది బాబూ, బాయిల పడ్డ బొక్కెన తీసే గాలం లెక్కున్నది."

చెయ్యి ఇంకా సర్దుకోవాలి, ముందు ఏదో ఒకటి అలవాటు చేసుకోండి అన్నాడు కార్తీక్. నాన్న నన్ను అడిగాడు, "ఏది కావాల్నో నువ్వు చెప్పు బిడ్డా." చెప్పకముందే రబ్బరు దాని రంగుల పట్టీ తెప్పించుకుని నా ఎడమ చేతి పక్కన పెట్టి చూడటం మొదలుపెట్టాడు.

నేను కొక్కెం కట్టించుకుని చూశాను. కార్తీక్ జేబులోంచి పెన్ను తీశాను. మళ్ళీ పెట్టాను. ఇంకేమీ అనిపించలేదు, సరే అనిపించింది. ఈ మధ్య నాకు ఏది చూసినా సరే అని కూడా అనిపించడం లేదు కాబట్టి నీకు చెప్తున్నాను.

షాపులో చేరినప్పుడు పట్టాభి గారు ఒక మాట చెప్పారు. సిగ్నల్ దగ్గర బండి ఆపినవాడు పచ్చలైటు పడేలోపు చదవగలగాలి, అదీ ఫ్లెక్సీ. నేను చుట్టూ బంగారు అంచులు, పూలు, మెరుపులు పెట్టి చూపిస్తే, "చాలా బాగుందమ్మా, కానీ ఇది ఫ్లెక్సీ కాదు, చీర" అన్నారు. ఆ కొక్కెం చూస్తే ఆ మాట గుర్తొచ్చింది. దానికి అంచులు లేవు.

ప్రవీణ


కోరుట్ల,
మార్చి 12, 2025

నా కోడలు పిల్లకు,

ఈ అత్త ఇవాళ నేల మీద నడవడం లేదు. నీ ఉత్తరం వచ్చిన వారానికే మీ నాన్న ఫోన్లో ఫొటో పంపాడు. ఆకుపచ్చ చీర, ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న రెండు చేతులు. ఇంత తొందరగా చేసి పెట్టారా? ఇనుపది వద్దనుకుని ఎంత మంచి పని చేశావు. మీ మామయ్యకు చూపించి ఏది పెట్టిన చెయ్యో చెప్పమన్నాను. చెప్పలేకపోయాడు. చిన్నప్పుడు మా ఇంట్లో పెనం అంటుకున్న మచ్చ కూడా బొటనవేలి కింద పెట్టారే. ఆ విజయవాడ అబ్బాయి చేతులకు దండం పెట్టాలి.

ఇప్పుడు అసలు సంగతి. మీర్‌పేట్ శివమ్మ తెలుసు కదా, నా చిన్ననాటి స్నేహితురాలు. సరూర్‌నగర్ బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆమె కొడుకు హరీష్‌కు సంబంధాలు చూస్తున్నారు. టైల్స్ షోరూం ఉంది, నెమ్మదైనవాడు. నీ ఫొటో పంపాను. గంటలో ఫోన్ చేసింది. "పిల్ల లక్ష్మి లెక్కున్నది అండాలూ" అంది. యాక్సిడెంట్‌లో చేతికి దెబ్బ తగిలింది, ఇప్పుడు బాగైంది అని చెప్పాను. ఇందులో అబద్ధమేముంది? దెబ్బ తగిలింది, బాగైంది. మిగతాది కూర్చుని మాట్లాడుకునేటప్పుడు నెమ్మదిగా చెప్తాను. అన్నీ ఫోన్లో ఒలకబోస్తే పని జరగదు.

నీ చేతికి దిష్టి తీయించుకో.

సంబరంలో ఉన్న నీ అత్త,
అండాలమ్మ


అల్మాస్‌గూడ,
మార్చి 20, 2025

అత్తమ్మా,

ఫొటోలో చెయ్యి లేదు. ఇంకా ఏ చెయ్యీ చేయించలేదు.

నాన్న అడిగాడు, "నీకొచ్చు గదా, ఫొటోల జర చెయ్యి పెట్టరాదు బిడ్డా" అని. షాపులో భోజనాల వేళ చేశాను. నా ఎడమ చేతినే కత్తిరించి, తిప్పి కుడివైపు అతికించాను. నీడ సరిచేశాను. రోజూ చేసే పనే. కార్పొరేటర్లకు జుట్టు పెడతాను, పెళ్ళికూతుళ్ళకు రంగు పెంచుతాను, చనిపోయినవాళ్ళకు కోటు తొడుగుతాను. అందుకే రెండు చేతులకూ ఒకే మచ్చ ఉంది. అది నా ఎడమ చేతి మచ్చ. చూసినవాళ్ళలో మచ్చను పట్టుకున్నది నువ్వొక్కదానివే, నువ్వు కూడా మెచ్చుకున్నావు.

నాన్న నీకు చెప్పే పంపి ఉంటాడనుకున్నాను. నీ ఉత్తరం చదివితే తెలిసింది, చెప్పలేదని. చదివాక నాకేమీ అనిపించలేదు. మడిచి పెట్టాను. మూడు రోజుల తర్వాత, ఇది చెప్పాల్సిన విషయం కదా అని గుర్తొచ్చింది.

శివమ్మ గారికి చెప్పు. నాకు ఇనుపది కావాలి. ఎడమ చేత్తో కాగితం కత్తిరిస్తుంటే పట్టుకునేది లేక కాగితం కత్తెరతోపాటే పోతోంది. జడ అమ్మ వేస్తోంది. కొక్కెంతో చెంచా పట్టుకోవచ్చని కార్తీక్ చూపించాడు. అప్పుడు కుడివైపు నుంచి తినొచ్చు, అమ్మ అటు తిరగక్కర్లేదు.

నాన్నకు నువ్వు చెప్తే వింటాడు. నీకన్నా పెద్ద ఎవరూ లేరు ఆయనకు.

ప్రవీణ


కోరుట్ల,
మార్చి 29, 2025

చిట్టితల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా తమ్ముడి చెవి మెలిపెట్టాలనిపించింది. కానీ వాడు తండ్రి. బిడ్డ చెయ్యి వెతుక్కుంటూ ఎక్కడెక్కడికో పోతాడు, ఫొటోలోకి కూడా పోతాడు.

ఇప్పుడు నా మాట విను. శివమ్మకు మాట ఇచ్చేశాను. ఫొటోలో ఉన్న చెయ్యి నీ చేతికి వచ్చేస్తే ఇక అబద్ధం ఎక్కడుంది? ముందు అందం చెయ్యి చేయించుకో. పెళ్ళయ్యాక ఇంట్లో పనికి ఇనుపది కొనుక్కో, ఎవరొద్దంటారు? కాగితం పట్టుకోవడానికి పేపర్‌వెయిట్ లేదా?

మీ పట్టాభి గారి మాట నాకు నచ్చింది గానీ సగమే. పని చేసేదే అసలు, అందం పైపూత అంటావు. అయితే ముగ్గుకు పనేమిటి? ఇంట్లో మనిషి లేచింది, ఒంట్లో బాగుంది, లోపలికి రండి అని చెప్పడమే దాని పని. ముగ్గు లేని వాకిలి చూస్తే వీధి వీధంతా ఏమైందోనని అడుగుతుంది. అందం చెయ్యి కూడా అంతే. నువ్వు బస్సెక్కితే నిన్ను ఎవరూ ఏమీ అడగకుండా చేస్తుంది. అది తక్కువ పనా?

నీకేమీ అనిపించలేదని రాశావు. ఏదైనా ఒకటేనన్నమాట. అలాంటప్పుడు పెద్దవాళ్ళ మాట వింటే తప్పేముంది? మీ నాన్నతో మాట్లాడాను. రబ్బరుదే చేయించమన్నాను. శివమ్మ సంగతి నాకొదిలెయ్.

నీ మేలు కోరే
అత్త


అల్మాస్‌గూడ,
మే 6, 2025

అత్తమ్మా,

చెయ్యి వచ్చింది.

నా ఎడమ చేతికి అచ్చు తీసుకుని, దాన్ని తిప్పి కుడి చెయ్యి చేశాడు కార్తీక్. నాన్న ఫోన్లో ఫొటో కూడా చూపించాడు. "గిట్లనే ఉండాలె. మచ్చ మర్చిపోకు." మర్చిపోలేదు. ఇప్పుడు ఫొటోకు సరిపోయే చెయ్యి ఉంది.

ఎందుకు సరేనన్నావని అడగకు. అడిగిన రోజు ఎండగా ఉంది, ఫ్యాన్ తిరగడం లేదు, అందరూ నా వైపే చూస్తున్నారు.

నువ్వన్న మాట నిజమే, అది చెప్పాలి. మొన్న దిల్‌సుఖ్‌నగర్ నుంచి బస్సులో వచ్చాను. ఎవరూ చూడలేదు. కండక్టర్ చూడలేదు, పక్కన కూర్చున్నామె చూడలేదు. ఇంతకుముందు ఖాళీగా వేలాడే డ్రెస్సు చెయ్యి చూసి జరిగి చోటిచ్చేవాళ్ళు. కార్తీక్ పనేమీ చెయ్యదన్నాడు గానీ, చేస్తుంది. నన్ను కనపడకుండా చేస్తుంది. చాలా బాగా చేస్తుంది.

అమ్మ దాన్ని సబ్బునీళ్ళతో కడిగి, తువ్వాలులో ఒత్తి, డ్రెస్సింగ్ టేబుల్ మీద పడుకోబెడుతుంది. దానికి "మంచి చెయ్యి" అని పేరు పెట్టింది. వేలికి తన ఉంగరం తొడిగింది. నేను ఎడమ చేత్తోనే తింటున్నాను. జడ అమ్మే వేస్తోంది.

జూన్ ఒకటో తారీఖు ఆదివారం వాళ్ళు వస్తున్నారట. శివమ్మ గారికి చెప్పావా? నాన్న అడిగితే, అక్క చెప్పే ఉంటుంది అంటున్నాడు.

ప్రవీణ


కోరుట్ల,
మే 16, 2025

నా తల్లికి,

ఈ ఉత్తరంతోపాటు అట్టపెట్టె ఒకటి వస్తుంది. మెల్లగా విప్పు. ఆకుపచ్చ మట్టిగాజులు, రెండు చేతులకూ. మీ అక్కడి దుకాణాల్లో రాళ్ళవీ ప్లాస్టిక్‌వీ దొరుకుతాయి, ఇంత మంచి గాజు దొరకదు. నీ సైజు నాకు కంఠతా వచ్చు, రెండుంబావు.

గాజులు అందానికని అందరూ అనుకుంటారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు మా అత్తకు చూపు సరిగా ఆనేది కాదు. నేను వంటింట్లో ఉన్నానో దొడ్లో ఉన్నానో గాజుల చప్పుడును బట్టి చెప్పేది. ఒకసారి జ్వరంతో గదిలో పడుకుంటే, చప్పుడు వినిపించక వెతుక్కుంటూ వచ్చి నుదురు పట్టుకుని చూసింది. మనిషి ఉన్నదని చెప్పడమే గాజుల పని. రంగు తర్వాత సంగతి.

శివమ్మకు చెప్పడానికే ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే, "పిల్ల ఫొటో పెద్దగ చేయించి అల్మారాల పెట్టిన అండాలూ, దినాం చూస్తున్న" అంది. మాట మార్చి ఫోన్ పెట్టేశాను. మీ ఇంటికి వచ్చాక మీ నాన్న నాలుగు మంచి మాటల మధ్య చెప్తాడులే. ఆమె మనసు వెన్న. నిన్ను చూశాక చెయ్యి ఒక లెక్కా?

ఆ రోజు కాస్త నవ్వు. నీ నవ్వు ఫొటోలో కూడా సరిగా పడలేదు.

గాజులంత ఆశీస్సులతో,
అత్త


అల్మాస్‌గూడ,
జూన్ 3, 2025

అత్తమ్మా,

నాన్న నీకు ఫోన్లో చెప్పే ఉంటాడు. జరిగింది జరిగినట్టు నేను రాస్తాను.

నీ గాజులు ఆ రోజు వేసుకోలేదు. శివమ్మ గారే వేస్తారట, చేతులు బోసిగా ఉండాలని అమ్మ అట్టపెట్టె తీసి పైన పెట్టింది. వాళ్ళు ముగ్గురు వచ్చారు. హరీష్ ఎక్కువ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. నా పని గురించి అడిగాడు, చెప్పాను. మంచివాడిలాగే ఉన్నాడు. నాన్న వాళ్ళకు ప్లాట్ల సంగతి చెప్పాడు, నీళ్ళ సంగతి చెప్పాడు. నాలుగు మంచి మాటలు చెప్పాడు. వాటి మధ్య ఇంకేమీ చెప్పలేదు. నువ్వు చెప్పావని ఆయన, ఆయన చెప్తాడని నువ్వు.

శివమ్మ గారు నా పక్కన వచ్చి కూర్చున్నారు. పిల్ల నచ్చింది అని పళ్ళు, పూలు ఒళ్ళో పెట్టారు. సంచిలోంచి ఎర్ర గాజులు తీశారు. ముందు కుడి చెయ్యే కదా పట్టుకుంటారు. పట్టుకున్నారు.

"సల్లగున్నదేంది బిడ్డా? బుగులైతున్నదా?" అన్నారు. భయంతో చల్లబడిందనుకున్నారు.

వేళ్ళు దాటాయి. బొటనవేలి దగ్గర ఆగాయి. మన చెయ్యి అయితే అక్కడ మడుచుకుంటుంది, ఎముకలు దగ్గరికి జరుగుతాయి. ఈ చేతికి అన్నీ పెట్టారు గానీ అది పెట్టలేదు. గోళ్ళున్నాయి, గీతలున్నాయి, మచ్చ ఉంది. గాజు ఎక్కదు. చేసిన కార్తీక్‌కు తట్టలేదు, డబ్బు కట్టిన నాన్నకు తట్టలేదు. రోజూ కడిగిన అమ్మకు కూడా తట్టలేదు. గాజులు పంపిన నీకు తట్టలేదు. డిజైన్ చేసి బతికే నాకూ తట్టలేదు.

ఆమె రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఒత్తడం మొదలుపెట్టారు, గాజులు వేసేటప్పుడు ఒత్తుతారే అట్లా. నా మొహంలోకి చూస్తూ, "నొప్పి అయితుందా బిడ్డా?" అన్నారు.

"లేదు" అన్నాను.

ఇంకాస్త ఒత్తారు. మళ్ళీ అడిగారు. లేదన్నాను. నిజమే కదా. "ఓర్పున్న పిల్ల" అని అమ్మతో అని, గట్టిగా నెట్టారు. గాజు పగిలింది. ముక్క ఆమె అరచేతిలో దిగింది. రక్తం రబ్బరు చేతి మీద పడింది. అది నా రక్తమనుకుని, "అయ్యో, బిడ్డకు తెగింది" అంటూ కొంగుతో తుడుస్తూ గాయం కోసం వెతికారు. వెతుకుతుంటే పొడుగు జాకెట్టు చెయ్యి పైకి జరిగి అంచు కనిపించింది, రబ్బరు ఎక్కడ మొదలైందో అది.

ఆమె వదిలేశారు. అమ్మ పసుపు తెచ్చింది. ఆమె చేతికి పెట్టించుకుని, లేచి, వెళ్ళిపోయారు. పళ్ళు పూలు వెనక్కి తీసుకోలేదు.

రబ్బరు మీద మరక పడలేదు. తుడిస్తే పోయింది.

ప్రవీణ


కోరుట్ల,
జూన్ 12, 2025

ప్రవీణా,

ఎగతాళి చేయడానికి ఇవాళ నా దగ్గర మాటలు లేవు.

శివమ్మ ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. "చెయ్యి లేదని ముందుగాలనే చెప్తే నేను రాకపోదునా అండాలూ? ఒస్తుంటి. గా పిల్లనే చూద్దునేమో. లేని చెయ్యి నాతోని పిసికిపిస్తిరి. నొప్పి అయితుందా అని అడిగితే లేదన్నది. గా మాట నన్ను నిద్ర పోనిస్తలేదు" అంది. ఇక నాకు ఫోన్ చెయ్యొద్దంది. ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం.

నేను మీ నాన్నను అనను, మీ అమ్మను అనను. అతికించిన చెయ్యి అని నువ్వు రాసిన రోజే నేను ఫోన్ ఎత్తి చెప్పాల్సింది.

ఇంకోటి. నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీశాను. నొప్పి లేదని రాస్తే నేను దీపం పెట్టాను. బాగైందని చదువుకున్నాను. ఏమీ అనిపించడం లేదని రాస్తే, సరేనన్నావని చదువుకున్నాను. నువ్వు ప్రతి ఉత్తరంలో అదే చెప్తున్నావు, నేను ప్రతిసారీ నాకు కావలసింది చదువుకుంటున్నాను. ఇంత చదవడం వచ్చినదాన్ని.

మీ నాన్నకు చెప్పాను, నువ్వడిగింది నీకు పెట్టించమని. చెప్పి ఊరుకోలేదు, ఒట్టు వేయించుకున్నాను. ఆ గాజులు నీకు ఎప్పుడు వేసుకోబుద్ధైతే అప్పుడు వేసుకో. బుద్ధి కాకపోతే అట్టపెట్టె అటక మీదే ఉంచు. నేనడగను.

నువ్వు మళ్ళీ రాస్తే చదువుతాను, ఉన్నది ఉన్నట్టు.

అండాలమ్మ


అల్మాస్‌గూడ,
ఆగస్టు 18, 2025

అత్తమ్మా,

రెండు నెలలు రాయలేదు. ఇప్పుడు రాతకు రోజూ షాపులో పని ఉంది, పేజీ నింపాల్సిన అవసరం లేకపోయింది. అలిగి కాదు.

ఆషాఢంలో ఇనుప చెయ్యి వచ్చింది. పట్టీ చంక కింద ఒరుసుకుంటుంది, లోపల మెత్తటి గుడ్డ పెట్టుకుంటున్నాను. కాగితం పట్టుకుంటుంది. చెంచా పట్టుకుంటుంది. మొదటి రోజు పప్పు చీర మీద ఒంపుకున్నాను, అమ్మ అటు తిరగలేదు, చీర తుడవడానికి లేచింది. బస్సులో అందరూ చూస్తారు. ఒక పిల్లాడు పట్టుకుని చూస్తానన్నాడు, ఇచ్చాను. పట్టాభి గారు మొదట కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బందిపడ్డారు. ఇప్పుడు, "ప్రవీణా, ఆ ప్లగ్గు కాస్త లాగమ్మా, మా చేతులకు అందట్లేదు" అంటారు.

రబ్బరుదాన్ని పారెయ్యలేదు. మొన్న అమ్మవాళ్ళ వైపు పెళ్ళికి అదే పెట్టుకుని వెళ్ళాను. ఆ రోజు ఎవరికీ ఏమీ చెప్పే ఓపిక లేదు. దాని పని దానికుంది.

నీ గాజులు మొన్న శ్రావణ శుక్రవారం తీశాను. ఎవరూ తియ్యమనలేదు. ముందు కుడివైపు పెట్టి చూశాను. కొక్కెం మీదుగా జారి, నేరుగా మణికట్టు చోటికి వచ్చి కూర్చున్నాయి. ఎవరూ ఒత్తక్కర్లేదు, ఏమీ మడవక్కర్లేదు. చెయ్యిలాగే చేసిన చేతికి ఎక్కని గాజులు, చెయ్యిలా ఏమాత్రం లేనిదానికి ఎక్కాయి. భుజం కదిపినప్పుడల్లా తీగ లాగుతుంది, గాజులు కదులుతాయి. నిన్న నేను ముందుగదిలో ఉంటే వంటింట్లోంచి అమ్మ, "పొద్దుగాల్నే ఏం సదురుతున్నవే?" అని అడిగింది. నన్ను చూడకుండానే అడిగింది. నీకు చెప్పాలనుకున్నాను.

ఎడమ చేతికి మాత్రం ఎక్కలేదు. నీకు కంఠతా వచ్చిన సైజు ఇప్పుడు నాది కాదు అత్తమ్మా. ఇన్ని నెలలు అన్ని పనులూ అదే చేసింది. బొటనవేలి కింద కండ పెరిగింది, కణుపులు లావెక్కాయి. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూస్తే, రబ్బరుది ఇంకా పాత ప్రవీణదే.

ఒక చేతికే వేసుకుంటే బాగుండదని అమ్మ దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్ళింది. గాజుల దుకాణంలో పెద్దామె ఉంది. పెద్ద సైజు ఇస్తానంది. వద్దు, ఇవే కావాలన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆమె నా కొక్కెం వంక ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా ఎడమ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. సబ్బు రాసి, బొటనవేలు లోపలికి మడిచి, గాజు పెట్టి ఒత్తింది. కణుపుల దగ్గర ఆగింది. మళ్ళీ ఒత్తింది. నా మొహంలోకి చూసి, "నొప్పి అయితుందా బిడ్డా?" అంది.

లేదని నోటి దాకా వచ్చింది, అలవాటైన మాట కదా. కానీ అవుతోంది అత్తమ్మా. కణుపుల దగ్గర మొదలై భుజం దాకా పాకింది. లారీ గుర్తొచ్చింది. శివమ్మ గారి కొంగు గుర్తొచ్చింది. లేని చెయ్యి కూడా నొప్పెట్టింది.

"అయితుంది" అన్నాను. "బాగా అయితుంది."

అమ్మ భయపడి లేచింది. దుకాణంలో అందరి ముందు నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. ఆమె గాజు వెనక్కి తియ్యబోయింది. తియ్యొద్దన్నాను.

నీ కోడలు,
ప్రవీణ